ముద్రలు లేని షార్ప్స్ తరహా కార్బైన్ నిజంగా ప్రోటోటైపేనా?

మీ ప్రశ్న మొన్న చూశాను. పదకొండు ఫొటోలూ ఒక్కొక్కటే పెద్దవి చేసి, రెండు రాత్రులు చూశాక రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్లకు సంగతి ఇది. పెన్సిల్వేనియాలో ఒక రైతు కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన వేలంలో ప్రశ్న అడిగినాయన ఒక పొట్టి సైనిక తుపాకీ, అంటే కార్బైన్, కొన్నారు. గుండు వెనక నుంచి పెట్టే రకం. నిపుల్ అనే చిన్న మొన మీద క్యాప్, అంటే పేలే మందున్న చిన్న రాగి టోపీ, పెట్టి పేల్చేది. బ్యారెల్ (గొట్టం) 21 అంగుళాలు, లోపలి వ్యాసం సుమారు 0.52 అంగుళం. భుజానికి ఆనే బట్ చివరి పలక, బ్యారెల్‌ని కర్రకు బిగించే పట్టీ రెండూ ఇత్తడివి. ఎడమ పక్కన కడ్డీ మీద జారే జీను రింగు. తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం ఎక్కడా లేవు. లీవర్ అడుగున, బ్యారెల్ వెనక నోటిని (బ్రీచ్) మూసే దిమ్మ, అంటే బ్రీచ్ బ్లాక్ మీద మాత్రం ‘3’ అనే అంకె కొట్టి ఉంది. దానికి కట్టిన పాత అట్టముక్క మీద ‘సైన్యం పరీక్షల ప్రోటోటైప్’ (తొలి నమూనా) అని పెన్సిల్‌తో రాశారు. ఇది నిజమేనా, ఎవరు చేసి ఉంటారు, ఇప్పుడు ఏం చేయాలి అని ఆయన ప్రశ్న.

నేను బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్చుకుని, హైదరాబాద్‌లో, తర్వాత అమెరికాలో కలిపి ముప్పై ఏళ్లకు పైగా టూల్ రూముల్లో పనిచేసినవాణ్ని. తుపాకులు కాల్చడం మీద నాకు మోజు లేదు. ఒక ఇనుప ముక్కను చూసి, దాన్ని ఏ యంత్రం కోసింది, ఏ చెయ్యి ఆకురాయి పట్టింది అని చదవడం నా పని. పాత తుపాకుల మీదకు ఆ చదువే నన్ను లాక్కొచ్చింది. అందుకే నా జవాబంతా ముద్రల కంటే పనిముట్ల గుర్తుల చుట్టూ తిరుగుతుంది.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. అది లోడ్ అయి ఉందో లేదో చూడండి. నూటయాభై ఏళ్లు గడిచినా, తడి తగలని నల్ల తుపాకీమందు పేలుతుంది. హ్యామర్‌ని (మన పాతకాలం వాళ్లు ‘గుర్రం’ అనేది దీన్నే) సగం వరకు లేపి, నిపుల్ మీద పాత క్యాప్ ఏమైనా అంటుకుని ఉందేమో చూడండి. ఆకుపచ్చగా, చిలుము పట్టిన రాగి రేకులా ఉంటుంది. ఉంటే దాన్ని గీకకండి, కొట్టకండి. తుపాకీని అలాగే పక్కన పెట్టి, నల్ల తుపాకీమందుతో పేలే తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌ని పిలవండి. లేకపోతే లీవర్ కిందికి లాగితే బ్రీచ్ బ్లాక్ కిందికి జారుతుంది. అప్పుడు వెనక నుంచి చూస్తే బ్యారెల్ ఆ చివర వెలుతురు కనిపించాలి. మీ ఫొటోల్లో లీవర్ మూసే ఉంది. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. మూతి వైపు నుంచి సన్నని చెక్క కడ్డీ దించి, ఎంత లోతు పోయిందో గుర్తుపెట్టి, బయట ఆనించి బ్లాక్ ముఖం దాకా వచ్చిందో లేదో చూసుకోండి.

ఇక అసలు సంగతి. ‘పేరు లేదు, కాబట్టి ప్రోటోటైప్’ అన్న తర్కం వేలంపాటల్లో చాలా చోట్ల వినబడుతుంది. అది తప్పు. ముద్ర లేకపోవడానికి కారణాలు బోలెడు. అరిగిపోయి ఉండొచ్చు. ఎవరో అరగదీసి ఉండొచ్చు. అసలు ముద్ర వేసే అలవాటు లేని చోట తయారై ఉండొచ్చు. వేరు వేరు తుపాకుల భాగాలు కలిపి కట్టిందీ కావచ్చు. ప్రోటోటైప్ అన్నది మిగతావన్నీ కాదని తేలాక చిట్టచివర చెప్పాల్సిన మాట. లేనిదాన్ని బట్టి కాకుండా, ఉన్నదాన్ని బట్టి అక్కడికి చేరుకోవాలి.

అరుదుగా దొరికేది వేరు, ప్రోటోటైప్ వేరు. 1855 నుంచి 1865 దాకా అమెరికాలో వెనక నుంచి నింపే కార్బైన్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. సిమ్స్ కార్బైన్ సైన్యానికి అందినవి ఇరవై మాత్రమే. గిబ్స్ కార్బైన్‌కి పదివేల ఆర్డర్ ఉంది. 1863 జూలైలో న్యూయార్క్‌లో సైనిక నిర్బంధ భర్తీకి వ్యతిరేకంగా జరిగిన అల్లర్లలో ఆ ఫ్యాక్టరీ తగలబడింది. చేతికందినవి 1,052. ఇవాళ ఎవరికైనా గిబ్స్ దొరికితే అపురూపమే. కానీ అది నిఖార్సైన ఫ్యాక్టరీ సరుకు, తొలి నమూనా కాదు. ఈ తేడా తెలియక చాలామంది అమ్మకందార్లు మంచి నమ్మకంతోనే తప్పు అట్టముక్కలు కడతారు. మీ తుపాకీకి ఆ పెన్సిల్ రాత రాసినాయన కూడా అబద్ధమాడాడని నేను అనుకోవడం లేదు. ఆ అట్టముక్కను మాత్రం పారేయకండి, విడదీయకండి. అది కూడా ఒక ఆధారమే.

మీ తుపాకీ ఆకారం చూడగానే తెలిసేది, ఇది షార్ప్స్ పద్ధతి. క్రిస్టియన్ షార్ప్స్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో జాన్ హాల్ దగ్గర పనిచేసినవాడు. 1848 సెప్టెంబర్ 12న పేటెంట్ తీసుకున్నాడు. ట్రిగ్గర్ గార్డే లీవర్. దాన్ని కిందికి లాగితే ఒక దళసరి ఉక్కు దిమ్మ నిలువు గాడిలో కిందికి జారుతుంది. కాగితం లేదా గుడ్డ తూటాను లోపలికి తోసి లీవర్ పైకి లేపితే, దిమ్మ పదునైన అంచు తూటా వెనక కొసను కోసేసి మందును బయటపెడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. తొలి రోజుల్లో దిమ్మ, బ్యారెల్ కలిసే చోట నుంచి వాయువు బుస్సుమని బయటికి తన్నేది. ఆ లోపాన్ని సరిచేయడానికే సంవత్సరాలు పట్టాయి. 1853 నమూనాలో బ్రీచ్ గాడి వాలుగా ఉంటుంది. 1859లో హార్పర్స్ ఫెర్రీ మీద దాడి చేసినప్పుడు బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ బ్రౌన్ మనుషుల దగ్గరున్నవి అవే. తర్వాత షార్ప్స్ ఫ్యాక్టరీ నడిపిన రిచర్డ్ లారెన్స్ చేతిలో అది నిలువుగా మారింది. దాన్నే న్యూ మోడల్ 1859 అంటారు, తర్వాత 1863 వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) ఉత్తరాది వైపున్న కేంద్ర ప్రభుత్వం కొన్న షార్ప్స్ కార్బైన్లు 80 వేలకు పైనే.

మీదాని బ్రీచ్ నిలువుగా ఉంది. అంటే వాలు బ్రీచ్ రకాలన్నీ ఒక్క చూపుతో పక్కకు పోతాయి. అలా పోయినవాటిలో మనకు దగ్గరి ముచ్చట ఒకటుంది. 1855లో బ్రిటిష్ ప్రభుత్వం 6,000 వాలు బ్రీచ్ షార్ప్స్ కార్బైన్లు ఆర్డర్ చేసింది. వాటిలో కొన్ని 1857 తిరుగుబాటు కాలంలో మన దేశంలోని బ్రిటిష్ గుర్రపు దళాల చేతికి వచ్చాయి. మీదాని మీద బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని తెలిపే బాణం గుర్తు లేదు, బ్రీచ్ వాలు కాదు. ఆ దారి ఇక్కడితో సరి.

షార్ప్స్ ఫ్యాక్టరీ ఉన్న హార్ట్‌ఫోర్డ్‌లో తయారైన అసలు న్యూ మోడల్ కార్బైన్ అయితే ఎలా ఉండాలి? బ్యారెల్ 22 అంగుళాలు, మొత్తం పొడవు 39 అంగుళాల పైచిల్లర. లాక్ ప్లేట్ మీద, అంటే హ్యామర్‌ని నడిపే యంత్రాన్ని (లాక్) మోసే పక్క పలక మీద, షార్ప్స్ 1852 పేటెంట్, లారెన్స్ 1859 ఏప్రిల్ పేటెంట్ తేదీలు ఉంటాయి. ఫ్రేమ్ ఎడమ పక్కన 1848 పేటెంట్ తేదీ. బ్యారెల్ మీద కంపెనీ పేరు, ‘న్యూ మోడల్ 1859’ లేదా ‘1863’ అన్న మాట. గురి చూసే వెనక సైట్ మీద మళ్లీ లారెన్స్ పేరు. టాంగ్ మీద, అంటే ఫ్రేమ్ వెనక తోకలా కర్రలోకి పోయే పట్టీ మీద, సీరియల్ నంబరు. ఇన్ని చోట్ల ఇన్ని రాతలున్న తుపాకీ మీద ఒక్కటంటే ఒక్కటి మిగలకుండా కాలమే తుడిచేసింది అనుకోవడం కష్టం. తుప్పు ఒక చోట తింటుంది, ఇంకో చోట వదిలేస్తుంది.

పైగా మీ లాక్ ప్లేట్ మీద లారెన్స్ పెల్లెట్ ప్రైమర్ ఏర్పాటే లేదు. న్యూ మోడల్స్‌లో లాక్ లోపల చిన్న గొట్టం ఉంటుంది. అందులో మందును అంటించే బిళ్లల్లాంటి ప్రైమర్లు పేర్చితే, హ్యామర్ పడేటప్పుడు ఒక్కొక్కటే ముందుకు తోస్తుంది. మీదాంట్లో ఆ భాగం తీసేసిన ఆనవాలు కూడా లేదు. ఆ ప్లేట్ మొదటి నుంచీ అది లేకుండానే తయారైంది.

పెల్లెట్ ప్రైమర్ లేకపోవడం, 21 అంగుళాల బ్యారెల్, ఇత్తడి పలక, ఇత్తడి పట్టీ, కర్రలో ప్యాచ్ బాక్స్ (చిన్న సామాను పెట్టుకునే మూత పెట్టె) లేకపోవడం, మడత పడని సాదా వెనక సైట్. ఈ లక్షణాలన్నీ కలిసి ఒక చోటుకు దారి చూపుతాయి. అది వర్జీనియాలోని రిచ్‌మండ్. ఆ యుద్ధంలో కేంద్రం నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ల కోసం ఎస్. సి. రాబిన్సన్ ఫ్యాక్టరీ 1862 చివర్లో షార్ప్స్‌ని చూసి కార్బైన్లు చేయడం మొదలుపెట్టింది. సుమారు 1,900 అయ్యాక, 1863 మార్చిలో కాన్ఫెడరేట్ ప్రభుత్వమే దాన్ని కొనేసి నడిపింది. మొత్తం మీద ఐదు వేల దాకా తయారయ్యాయి. వాళ్లు పని తగ్గించుకోవడానికి పెల్లెట్ ప్రైమర్ వదిలేశారు, సైట్‌ని సాదా చేశారు, ఇనుము కొరతకు ఇత్తడి వాడారు. ఆ ఇత్తడిలో రాగి పాలు ఎక్కువై తరచుగా ఎర్రటి ఛాయ ఉంటుంది. రాబిన్సన్ కాలం నాటి వాటి మీద పేరు, ఊరు, 1862 అనే సంవత్సరం నిండుగా ఉంటాయి. ప్రభుత్వం తీసుకున్నాక చేసిన వాటి మీద ‘రిచ్‌మండ్ వీఏ’ అని మాత్రమే. తర్వాత ఆ యంత్రాల్ని అలబామాలోని టలసీకి తరలించి, అక్కడ ఇంకో రకం, మూతి నుంచి నింపే కార్బైన్లు కొన్ని వందలు చేశారు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఇత్తడి ఉంది కాబట్టి రిచ్‌మండ్ అని తేల్చేయకండి. హార్ట్‌ఫోర్డ్‌లో చేసిన న్యూ మోడల్ 1859 మొదటి మూడు వేల దాకా ఇత్తడి బిగింపులతోనే వచ్చాయి. వాటికి ఇత్తడి ప్యాచ్ బాక్స్ కూడా ఉంటుంది.

మరి ప్రోటోటైప్ అన్న మాట ఎందుకు నిలవదంటున్నాను? నాకు బాగా తెలిసిన చోటు ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

టూల్ రూములో ఏ వస్తువుకైనా తొలి నమూనా చేసేటప్పుడు ముక్కను పట్టి ఉంచి పనిముట్టుకు దారి చూపే జిగ్‌లు ఉండవు, ఫిక్స్చర్లు ఉండవు. ముక్క మీద రంగు పూసి స్క్రైబర్‌తో గీతలు గీస్తాం. సెంటర్ పంచ్‌తో చుక్కలు పెడతాం. అంచు దాకా రంపంతో కోసి, మిగిలింది ఆకురాయితో దించుతాం. ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు పడితే దాన్ని పిన్నుతో మూసి పక్కన కొత్తది వేస్తాం. ఒక చోట లోహం తక్కువైతే అతికిస్తాం. డిజైన్ మారినప్పుడల్లా ముక్క మీద ఆ మార్పు మచ్చ మిగులుతుంది. పని ఎలా నడుస్తుందో చూడడమే లక్ష్యం కాబట్టి బయటి మెరుగు గురించి, అన్ని భాగాలనూ కాల్చి గట్టిపరచడం గురించి ఎవరూ పట్టించుకోరు. నూటయాభై ఏళ్ల కిందటి అమెరికాలో కూడా పనివాడి చెయ్యి ఇంతకు వేరుగా నడవలేదు. నిజమైన తొలి నమూనా లోపలి భాగాలు విప్పితే ఆ ఆలోచన అంతా కనిపిస్తుంది. మూసిన రంధ్రాలు, మిగిలిపోయిన గీతలు, తల సైజు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉన్న స్క్రూలు.

ఫ్యాక్టరీ సరుకు దీనికి పూర్తిగా విరుద్ధం. ఒకే ఆకారం కట్టర్ వేల ముక్కల మీద తిరుగుతుంది కాబట్టి, దాని గుర్తులు సమాంతరంగా, ఒకే లయలో పడతాయి. మూలల వంపులన్నీ ఒకే వ్యాసార్థం. ముక్కను ఫిక్స్చర్‌లో నిలబెట్టడానికి వేసిన, తర్వాత ఏ పనికీ రాని చిన్న రంధ్రాలు లోపలి వైపు ఉంటాయి. మీ తొమ్మిదో ఫొటో, ఫ్రేమ్ కింద లీవర్ పిన్ను దగ్గరిది, ఒకసారి మళ్లీ చూడండి. గాడి రెండు గోడల మీదా సన్నని సమాంతర గీతలు, రెండు మూలల్లోనూ అచ్చంగా ఒకే వంపు. అది ఆకురాయి పని కాదు. చాలా ముక్కలు కోయడానికి సిద్ధం చేసుకున్న మిల్లింగ్ పని. ఇలాంటి ఏర్పాటు చేసుకున్నవాళ్లు ఒక్క తుపాకీ చేసి ఊరుకోరు.

‘3’ అంకె సంగతి కూడా ఇదే వరసలోది. చేత్తో సరిపెట్టి బిగించే పనిలో, ఒక తుపాకీ భాగాలు ఇంకోదానితో కలిసిపోకుండా జత గుర్తులు వేస్తారు. అంకెలైనా, గీతలైనా, చుక్కలైనా అందుకే. లీవర్ మీద, బ్రీచ్ బ్లాక్ మీద ఒకే ‘3’ ఉందంటే అవి రెండూ కలిపి సరిపెట్టారని మాత్రమే అర్థం. ‘మూడో నమూనా’ అని చదవడానికి అది చాలదు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది. మీ మూడో ఫొటోలో మూతి దగ్గర నాలుగైదు అంగుళాల మేర బ్యారెల్ ఒక పక్క మెరుగు పోయి, అంచు గుండ్రంగా అరిగింది. ఏడో ఫొటోలో జీను రింగు ఊగినంత మేర ఫ్రేమ్ మీద విల్లులాంటి గీత పడింది. గుర్రపు దళం సైనికుడు కార్బైన్‌ని ఎడమ భుజం మీదుగా వేసుకున్న వెడల్పాటి తోలు పట్టీకి తగిలిస్తాడు. అది కుడి తుంటి పక్కన వేలాడుతుంది. ఊగకుండా మూతిని జీనుకు కట్టిన తోలు గొట్టంలో దోపుతారు. నెలల తరబడి గుర్రం నడకకు ఆ తోలులో రాపిడి పడితేనే మూతి ఇలా అరుగుతుంది. పరీక్షలకు పోయిన నమూనా ఇలా అరగదు. దానికి వేరే రకం దెబ్బ తగులుతుంది. పరీక్షల్లో వందల గుండ్లు వరసగా కాలుస్తారు, దుమ్ము పోస్తారు, తుప్పు పట్టిస్తారు, మందు రెట్టింపు వేస్తారు. నిపుల్ చుట్టూ లోహం తినేసి, బ్రీచ్ ముఖం మీద వాయువు కోత పడుతుంది. మీదాని నిపుల్ చుట్టూ చూస్తే ఓ మోస్తరు కోతే ఉంది. అంటే మోసింది ఎక్కువ, కాల్చింది తక్కువ. ఇది జీను మీద తిరిగిన తుపాకీ నడవడి, పరీక్ష బల్ల మీద పడున్నదాని నడవడి కాదు.

సైన్యం పరీక్షలకు వచ్చిన ఆయుధాలకు కాగితం దారి కూడా ఉంటుంది. 1865లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో (ఆర్మరీ) జరిగిన పరీక్షలైనా, 1872-73లో జనరల్ ఆల్ఫ్రెడ్ టెర్రీ అధ్యక్షతన బోర్డు దాదాపు వంద ఆయుధాల్ని చూసిన పరీక్షలైనా, ఎవరు తెచ్చారు, ఎన్ని గుండ్లు కాల్చారు, ఎక్కడ విఫలమైంది అని రాశారు. సైన్యానికి ఆయుధాలు చూసే ఆర్డ్నెన్స్ శాఖ కాగితాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 156 కింద ఉన్నాయి. నమూనాల్లో చాలావరకు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ సేకరణలోనే నిలిచాయి. అక్కడ ఫ్యాక్టరీ 1968లో మూతపడింది, సేకరణ మాత్రం జాతీయ చారిత్రక స్థలంలో భాగంగా ఉంది. ఎవరైనా ప్రోటోటైప్ అంటే, ఏ పరీక్షలో, ఏ సంవత్సరం, ఎవరి పేరు మీద అని అడగండి. పెన్సిల్ అట్టముక్కలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం బాధపెట్టే మాట. రిచ్‌మండ్ లక్షణాలున్నంత మాత్రాన అది రిచ్‌మండ్‌ది అనలేం. కాన్ఫెడరేట్ తుపాకులకు మార్కెట్‌లో ధర ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే. ఇటలీలో షార్ప్స్ నకళ్లు దశాబ్దాలుగా తయారవుతున్నాయి. వాటిలో రాబిన్సన్ తరహావీ ఉన్నాయి. చట్టబద్ధంగా, మంచి నాణ్యతతో చేసినవే. వాటి బ్యారెల్ మీద గార్డోనే ప్రూఫ్ హౌస్ (తుపాకులు పరీక్షించే ఇటలీ సంస్థ) ముద్ర, సంవత్సరం కోడ్, నల్ల తుపాకీమందు మాత్రమే వాడాలన్న హెచ్చరిక ఉంటాయి. మోసం ఎక్కడ మొదలవుతుందంటే, ఎవరో ఆ ముద్రల్ని అరగదీసి, మెరుగు తీసేసి, రసాయనంతో నలుపెక్కించి ‘పాతది’ అని అమ్మినప్పుడు. ముద్రలన్నీ పోయాక చెప్పుకోవడానికి అనుకూలంగా మిగిలే కథ ఒక్కటే, ప్రోటోటైప్.

ఆ కథకు నేనే డబ్బు పోసి ఉన్నాను. అమెరికా వచ్చిన మూడో ఏట ఒక వ్యాపారి దగ్గర ‘పరీక్షల కార్బైన్, నంబరు 7’ అని కొన్నాను. నాలుగు నెలల జీతంలో దాచింది పోయింది. ఇంటికొచ్చి లాక్ విప్పి స్క్రూ మరలు కొలిస్తే పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, ఖచ్చితంగా ఒక మిల్లీమీటర్. 1860ల అమెరికా పనివాడు అంగుళంలో ఆలోచిస్తాడు, మిల్లీమీటర్‌లో కాదు. కొనేముందు ఆ ఒక్క స్క్రూ తీసి చూపమని అడగలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఇదంతా ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం.

అందుకే మీరు చేయాల్సిన మొదటి కొలత మరలదే. దీనిలో ఒక చిక్కుంది, జాగ్రత్తగా చదవండి. పది మరల పొడవు వెర్నియర్‌తో కొలిస్తే, 0.8 మిల్లీమీటర్ పిచ్ అయితే 8.00 వస్తుంది. అంగుళానికి 32 మరలైతే 7.94 వస్తుంది. మీ చేతి వణుకే అంతకంటే ఎక్కువ. 0.7 పిచ్‌కి 7.00, అంగుళానికి 36 మరలకు 7.06. అక్కడా అదే ఇబ్బంది. ఒక మిల్లీమీటర్ పిచ్ స్క్రూ దొరికితే మాత్రం తేడా దాగదు. అంగుళానికి 24 మరలకు 10.58, 26కి 9.77, మెట్రిక్‌కి 10.00. కాబట్టి ఒక్క స్క్రూ చూసి తీర్పు ఇవ్వకండి. బట్ పలక స్క్రూలు వదిలేసి, లాక్ స్క్రూలు, టాంగ్ స్క్రూ, మిగతావన్నీ కొలిచి రాసుకోండి. బట్ పలకవి చెక్క స్క్రూలు, అవి ఏమీ చెప్పవు. వ్యాసాలు కూడా కొలవండి. అన్నీ చక్కగా 4, 5, 6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగితే అనుమానించండి. ఫ్యాక్టరీలు సొంత కొలతలతో నడిచిన కాలం అది. విలియం సెల్లర్స్ అమెరికాకు ఒక ఉమ్మడి మర ప్రమాణం ప్రతిపాదించిందే 1864లో. అసలు పాత స్క్రూల వ్యాసాలు గుండ్రని అంకెల దగ్గర ఆగవు. మర్చిపోకూడని సంగతి ఇంకోటి, 1970ల తర్వాత అమెరికాలో చేసిన నకళ్లకు అంగుళం మరలే ఉంటాయి. మెట్రిక్ దొరికితే నకలని తేలుతుంది, అంగుళం దొరికితే అసలని తేలదు.

రెండోది బ్యారెల్ లోపలి కొలత. ఇటలీ నకళ్లు ఎక్కువగా 0.54 పేరుతో వస్తాయి. మీరు స్కేల్‌తో చూసి 0.52 అన్నారు, అది చాలదు. టెలిస్కోపిక్ గేజ్‌తో మూతి దగ్గర అరగని లోతులో, గుండును తిప్పే మెలిక గాళ్ల మధ్య ఎత్తులు కొలవండి. గాళ్లు ఎన్నో లెక్కపెట్టండి. షార్ప్స్‌కీ, రిచ్‌మండ్ నకలుకీ ఆరు ఉంటాయి.

మూడోది ఐదో ఫొటోలో నన్ను ఇబ్బంది పెట్టిన చోటు. బ్యారెల్ పైన, బ్రీచ్‌కి రెండంగుళాల ముందు, వెలుతురు గీత చిన్నగా వంగింది. స్టీల్ స్కేల్ అంచును బ్యారెల్ పొడవునా ఆనించి, వెనక టార్చ్ వేసి చూడండి. ఆ చోట సందులోంచి వెలుతురు వస్తే అక్కడ లోహం దించేశారు. ముద్రలు ఉండే చోటే దిగి ఉంటే అర్థం స్పష్టం. ముద్ర కొట్టినప్పుడు కింద లోహం కూడా నలుగుతుంది కాబట్టి, పై గీత అరగదీసినా ప్రయోగశాలలో రసాయనంతో ఒక్కోసారి అది మళ్లీ తేలుతుంది. పోలీసు ఫోరెన్సిక్ వాళ్లు చెరిపేసిన నంబర్లు చదివేది అలాగే. ఇంట్లో యాసిడ్‌తో మీరు ప్రయత్నించొద్దు. ఒకసారి తప్పు జరిగితే ఆ చోటు ఇక ఎవరికీ ఏమీ చెప్పదు.

వీలైతే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఉన్నచోట బ్యారెల్‌నీ ఇత్తడినీ చూపించండి. యూనివర్సిటీ మెటలర్జీ విభాగాల్లో, పాత లోహం కొనేవాళ్ల దగ్గర కూడా చేతిలో పట్టుకునేవి ఉంటాయి. లోహానికి దెబ్బ తగలదు, నిమిషంలో అయిపోతుంది. బ్యారెల్‌లో క్రోమియం, మాలిబ్డినం చెప్పుకోదగ్గంత కనిపిస్తే అది ఇరవయ్యో శతాబ్దపు ఉక్కు, చర్చ ముగిసినట్టే. ఆ యంత్రం కార్బన్‌ని కొలవదు కాబట్టి ‘ఇనుమా, ఉక్కా’ అన్న ప్రశ్నకు దాన్నుంచి జవాబు ఆశించకండి.

శుభ్రం చేసే విషయం గట్టిగా చెబుతున్నాను. ఎమరీ కాగితం, స్టీల్ ఊల్, చింతపండు, ఇత్తడి పాలిష్ ఏదీ తాకించకండి. మనకు పండక్కి ఇత్తడి బిందెలు తళతళలాడేలా తోమడం అలవాటు. ఇక్కడ ఆ తళతళే నష్టం. టాంగ్ మీద తుప్పు కింద సీరియల్ నంబరు సన్నగా మిగిలి ఉండే అవకాశం ఉంది. గీకితే అదీ పోతుంది. మెత్తటి గుడ్డతో కొద్దిగా యంత్రాల నూనె రాసి వదిలేయండి. కర్రకు ఏమీ వద్దు. స్క్రూలు తిప్పేముందు గాడికి సరిగ్గా సరిపోయే బ్లేడున్న స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి. పాత గాళ్లు సన్నగా ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ వాటి పెదాలు చీలుస్తుంది.

చట్టం గురించి అడిగారు. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి అమెరికా ఫెడరల్ చట్టంలో ‘యాంటిక్’. అవి తుపాకీ నిర్వచనంలోకి రావు. మీరు హెచ్1బి మీద ఉన్నారన్నారు. ఇలా నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలు తుపాకీ ఉంచుకోవడం మీద ఫెడరల్ నిషేధం ఉంది, మినహాయింపులు కొన్నే. అందుకే ఇది నిజంగా పాతదేనని చూపించే కాగితం మీకు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. క్యాప్‌తో పేలే పాత పద్ధతి నకళ్లకు కూడా షరతులతో యాంటిక్ నిర్వచనం వర్తిస్తుంది. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు వేరుగా ఉంటాయి. ఇల్లు మారేముందు ఒక లాయర్‌ని అడగండి. ఇండియా తీసుకెళ్లి నాన్నగారికి చూపించాలన్న ఆలోచన మానుకోండి. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ దిగుమతికి లైసెన్సు కావాలి. పురాతన ఆయుధాలకిచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి వీల్లేని వాటికే. మీదాని లాక్ పనిచేస్తుందని మీరే రాశారు. ఫొటోలు పంపండి, వీడియో చేసి చూపించండి, చాలు.

కాబట్టి ఇప్పటికి నా అంచనా ఇది. హార్ట్‌ఫోర్డ్ తొలి నమూనా కాదు. ఈ మాట ధైర్యంగా అంటున్నాను. మిల్లింగ్ గుర్తులు, జీను రాపిడి, పరీక్షల కాగితం లేకపోవడం మూడూ ఒకే వైపు చెబుతున్నాయి. మిగిలినవి రెండు. ముద్రలు పోయిన రిచ్‌మండ్ కార్బైన్ ఒకటి. ముద్రలు తీసేసిన నకలు రెండోది. జీను రాపిడి మొదటిదాని వైపు లాగుతోంది. అంత సహజంగా అరగదీయడం నకిలీలు చేసేవాళ్లకు తేలిక కాదు. బ్యారెల్ మీద ఆ దిగుడు రెండోదాని వైపు లాగుతోంది. రిచ్‌మండ్ అని తేలితే ప్రోటోటైప్ కాలేదని బాధపడాల్సిన పనే లేదు. ఐదు వేల దాకా చేసినవాటిలో ఒకటి, గుర్రం మీద ఒక యుద్ధం చూసి వచ్చినది మీ ఇంట్లో ఉన్నట్టు.

తేల్చడానికి నాకు నాలుగు ఫొటోలు కావాలి. లాక్ ప్లేట్ లోపలి వైపు. ముందు కర్ర తీసి బ్యారెల్ అడుగు భాగం పూర్తిగా, నకళ్ల ముద్రలు అరగదీసేవాళ్లు అక్కడ మర్చిపోతారు. టాంగ్ పైభాగం, టార్చ్‌ని దాదాపు లోహానికి ఆనించి పక్క నుంచి వేసిన వెలుతురులో. స్క్రూలన్నీ ఒక తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, పక్కన మిల్లీమీటర్ స్కేల్‌తో. అట్టముక్క వెనకవైపు కూడా ఒకటి తీయండి, దాని మీద ఏమైనా అచ్చు అక్షరాలుంటే ఆ అట్ట ఏ కాలంనాటిదో తెలుస్తుంది. ఆ రైతు కుటుంబంలో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ తుపాకీ ఇంటికి ఎప్పుడు వచ్చిందో ఈ వారంలోనే ఫోన్ చేసి అడగండి.